ఒక మెడ, రెండు బిళ్లలు

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అద్దాల మేడ కట్టింది. అందులో ఊడ్చి తుడిచే ఆడవాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుని, మెడలో తలా ఒక బిళ్ల వేస్తారు. బిళ్ల పంపే సిగ్నల్‌ను సీలింగ్‌లోని పెట్టెలు పట్టుకుంటాయి. ఏ పెట్టెకు గట్టిగా అందితే మనిషి అక్కడున్నట్టు. మేనేజర్ శేషగిరిరావు కంప్యూటర్‌లో ఒక్కో మనిషి ఒక్కో చుక్క. కదులుతుంటే ఆకుపచ్చ. కాసేపు ఆగితే ఎరుపు, ఆ పూట ఆబ్సెంట్. చుక్కలకు నడుంనొప్పులు రావు గదా!

పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చే ఉమారాణికి ఏడో నెల. ఆ రోజు పొద్దున్నుంచి నడుం పీకేస్తోంది. ఆమెతో పాటే పనికొచ్చే పక్కింటి అంతమ్మ ఆమె బిళ్లను కూడా తన మెడలోనే వేసుకుంది.

"కింద స్టోర్‌రూమ్‌ల జర ఒరుగు బిడ్డా. నీ చుక్కను నేను తిప్పుత."

"సారుకు ఎరుకైతే ఎట్ల పెద్దమ్మా?"

"ఆయన మన మొఖాలు ఎన్నడన్న జూసిండా?"

ఆ పూట ఉమారాణి చుక్క మహా చలాకీగా పనిచేసింది. "ఈ అమ్మాయి బాగా చేస్తోందే!" అని శేషగిరిరావు ముచ్చటపడ్డాడు కూడా.

అంతమ్మ కిందికి వెళ్లి చూసేసరికి, ఆ అమ్మాయి తడిగుడ్డల మీద నెత్తుటిలో మెలికలు తిరుగుతోంది. అంతమ్మ మేనేజర్ గదికి ఉరికింది.

"సార్, ఉమారాణికి నెత్తురు పోతున్నది! జల్ది బండి పంపుండ్రి, దవాఖానకు తీస్కపోవాలె!"

ఆయన స్క్రీన్ వంక చూశాడు. "ఉమారాణి ఈ గదిలోనే ఉందిగా?"

అంతమ్మ రెండు బిళ్లలూ తీసి బల్ల మీద పడేసింది. "గిది నాది, గిది దానిది. మనిషి కింద ఉన్నది సార్, లేచి రాండ్రి!"

"అంటే ఇందాకట్నుంచి నన్ను మోసం చేస్తున్నారన్నమాట! ఇంకా ఎంతమందివి మోస్తున్నావ్? అది తేలాకే బండి."

అందరినీ పిలిపించి, ఎవరి బిళ్ల వాళ్ల మెడలోనే ఉందని తేల్చుకున్నాకే డ్రైవర్‌ను పిలిచాడు.

ఉమారాణి బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. "కాస్త ముందు తెచ్చుంటే..." అంది డాక్టరమ్మ.

కంపెనీ కూడా గుణపాఠం నేర్చుకుంది. బిళ్లలు తీసేసి, చేతికి కట్టే, కోస్తే తప్ప ఊడని పట్టీలు తెప్పించింది. కట్టుకోనివాళ్లకు పని లేదన్నారు. తన వంతు వచ్చినప్పుడు అంతమ్మ చేయి చాపలేదు.

"నొప్పైతున్నదంటె కూసోనిచ్చెటోళ్లుంటే ఆ పిల్ల దాక్కుంటుండెనా సార్? యాడున్నమో గంత మంచిగ జూస్తిరి. ఎట్లున్నమని ఒక్కనాడన్న అడిగితే దాని కడుపుల బిడ్డ బతుకుతుండె."