కల్వంలో తెల్ల బిళ్లలు

నేను ఒక కల్వాన్ని. పడవలా తొలిచిన నల్లరాయిని. మందులు నూరడం నా పని, నోరు లేకపోవడం నా ఖర్మ. ఆ ఖర్మ ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది. మీరైనా వినండి.

పల్నాడులో ఒక రాతిపనివాడు నన్ను చెక్కితే, నరహరాచారి అనే వైద్యుడు కొని చిలకలూరిపేట తెచ్చుకున్నాడు. నలభై ఏళ్లు ఆయన చేతికింద కరక్కాయ, ఉసిరిక, తిప్పతీగ నూరాను. ఒళ్లు, షుగరు తగ్గాలని వచ్చినవాళ్లను ఆయన ముందు తిట్టేవాడు, ఆ తర్వాతే మందిచ్చేవాడు. "నా పొడి నిదానం. నోరు కట్టుకుని నడిస్తేనే అది పనిచేసిద్ది. షుగరు మరీ ఎక్కువుంటే ముందు డాక్టరు దగ్గరికి పో" అనేవాడు. చివరికి ఆయనకు గౌరవం మిగిలింది కానీ రోగులు మిగల్లేదు.

ఆయన పోయాక మేనల్లుడు సుదర్శనం చేతికి వచ్చాను. మనుషుల తీరు చూస్తే నాకు నవ్వొస్తుంది. డాక్టరిచ్చిన బిళ్ల మింగితే కిడ్నీలు పోతాయని భయం. ఆ బిళ్ల వారంలో చేసే పని మాత్రం ఆకులూ వారంలోనే చేయాలి, లేకపోతే వైద్యుడు పనికిమాలినవాడు. ఆ మాట పడలేక సుదర్శనం ఒకరోజు షుగరు బిళ్లలు గుప్పెడు తెచ్చి, తిప్పతీగ చూర్ణంతో కలిపి నాలో నూరాడు. రాయినైనా నాకు ఒళ్లు జలదరించింది. నెల తిరక్కుండానే జనం ఆకుల మహిమ చెప్పుకుంటూ బారులు తీరారు.

కూరగాయల కొట్టు సీతారావమ్మ అలా వచ్చిందే. తొంభై ఆరు కిలోల మనిషి, షుగరు, బీపీ. డాక్టరు రాసిన బిళ్లలు మానేసి మా పొడి మొదలుపెట్టింది. కార్తీకమాసం రాగానే ఒక సందేహం అడిగింది.

"సోమారం ఉపవాసముంటానండీ. బిళ్లలైతే ఉపవాసం చెడిద్ది. ఇయ్యి ఆకులేగా, ఏసుకోవచ్చా?"

వద్దంటే ఎందుకంటుంది. సుదర్శనం ఒక్క క్షణం నావైపు చూశాడు.

"ఆకులేనమ్మా, ఏసుకో."

వద్దనరా, వద్దను! ఖాళీ కడుపున ఆ బిళ్ల షుగరును ఎంత కిందికి లాగేస్తుందో నీకు తెలియదా! ఎంత అరిచినా రాయి గోడు ఎవరికి వినపడుతుంది?

సోమవారం మధ్యాహ్నం ఆమె భర్త సాంబయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆమె కొట్లోనే పడిపోయిందట, ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కిస్తే కళ్లు తెరిచిందట.

"మీ పొడిలో ఏముందో కనుక్కురమ్మన్నాడండీ డాక్టరు. ఆకులే అయితే సాయంత్రం ఇంటికి పంపిచ్చేస్తాడంట. ఇంకేదన్నా ఉంటే రెండ్రోజులు ఉంచుకోవాలంట."

నా అంచులకు ఇంకా తెల్లపొడి అంటుకునే ఉంది. ఒక్క మాట చాలు, ఆమె బతుకుతుంది.

"ఆకులేనయ్యా. ఇంకేముంటయ్?" అన్నాడు సుదర్శనం.

సాంబయ్య దండం పెట్టి వెళ్లాడు. అతను వీధి మలుపు తిరక్కముందే సుదర్శనం నన్ను శుభ్రంగా కడిగేశాడు.

ఆ బిళ్ల పట్టు ఒక పూటతో వదిలేది కాదు. ఇంటికి పంపిన సీతారావమ్మ మర్నాడు నిద్ర లేవలేదు. మందుకొచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఆ రోజు నేను పగిలిపోయినా బాగుండేది.

పెద్దకర్మ అయ్యాక సాంబయ్య మళ్లీ వచ్చాడు. చేతిలో సగం మిగిలిన పొడి డబ్బా ఉంది.

"ఆమెకిక అక్కర్లేదుగా అండీ. మంచి మందు, పారెయ్యబుద్ధి కాలా. ఎవురికన్నా ఇయ్యండి."

సుదర్శనం డబ్బా అందుకున్నాడు. వరసలో కూర్చున్న ఒక లావుపాటి అమ్మాయి గబుక్కున లేచి చెయ్యి చాచింది.

"నాకియ్యండి."

ఇచ్చాడు.