మధ్యాహ్నపు సంచి

ఒకటీ పాయింట్ రెండంటే మరీ అంత తక్కువేం కాదేమో, బళ్ళో అయితే ఈ మాత్రానికి మాస్టారు చూసీచూడనట్టు పాస్ చేసేవాడు, అనుకున్నాడు పేరయ్య, కానీ గుంటూరు కిడ్నీల డాక్టరుగారు పరీక్ష కాయితం మీద ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుడుతూ, ఒకటీ పాయింట్ ఏడన్నా ఉండాలండీ, కడుపులోకి పోసిన నీళ్ళు ఒంట్లో మలినాన్ని సరిగ్గా లాగట్లేదు, ఇలాగైతే కడుపుకి పెట్టిన గొట్టం తీసేసి రక్తం శుభ్రం చేసే మిషను మీదకి మార్చాలి, వారానికి మూడుసార్లు ఇక్కడికి రావాలి, అంటున్నాడు, రోజుకి నాలుగు సంచుల మందునీళ్ళూ తప్పకుండా ఎక్కిస్తున్నారా అని అడుగుతున్నాడు, అడిగేది తనని కాదు, పక్కనున్న భార్య వెంకటరావమ్మని.

నాలుగు అనగానే పేరయ్యకి చెవులు కాలాయి, మూడు ఆవిడే మారుస్తుంది, మధ్యాహ్నంది మాత్రం మిరపకల్లం దగ్గర షెడ్డులో తనే మార్చుకుంటానని గొప్పగా చెప్పాడు, తీరా కాయలు చూడ్డానికి బేరగాడు ఖాదర్ వలి వచ్చిన రోజు చొక్కా ఎత్తి గొట్టంతో కూర్చోవడానికి చచ్చేంత సిగ్గేసింది, కొత్త సంచి మేకుకి తగిలించి నీళ్ళు కడుపులోకి పోనివ్వకుండా తిన్నగా కింది ఖాళీ సంచిలోకి వదిలేశాడు, ఒక్కరోజే అనుకున్నది మాఘమంతా అయింది, పరీక్ష కోసం ఇరవైనాలుగు గంటల్లో కడుపులోంచి దిగిన నీళ్ళన్నీ పట్టి తెమ్మన్న రోజున కూడా అదే పని, పత్తి మీద నీళ్ళు చల్లి కాటాకి పెట్టేవాడి తెలివి.

నా చేతిలోనే ఏదో లోపం ఉందండీ, అంటోంది వెంకటరావమ్మ, తొందరపడి ముందే తీసేస్తున్నానేమో, ఈసారి జాగ్రత్తగా చేస్తానండీ, గొట్టం మాత్రం తీయమాకండి, ఆ చేతులు ముప్ఫయ్యేళ్ళు మిరపకాయలు కోశాయి, ఘాటు సబ్బుకి పోదని, గొట్టం పట్టుకోవాల్సిన నాటినుంచి ఆవిడ కల్లంలో అడుగుపెట్టలేదు, పచ్చడికి కూడా పక్కింటి అంకమ్మ చేతే కారం కలిపిస్తోంది, కడిగి కడిగి గోళ్ళ దగ్గర చర్మం లేచిపోయింది, అలాంటి మనిషి తప్పు ఒప్పుకుంటుంటే తను ఫ్యాను వంక చూస్తున్నాడు, సిగ్గులేని మొహం, చెబుదాంలే, ఇంటికెళ్ళేప్పుడు ప్రత్తిపాడు బస్సులో చెబుదాం, ఇంత చదువుకున్నాయన ముందు పరువెందుకు పోగొట్టుకోవడం, అనుకుంటూనే ఉన్నాడు, నోరు మాత్రం ఆగలేదు, ఆవిడ తప్పేం లేదండీ, మధ్యాహ్నం సంచి నేను ఎక్కించుకోలా, కింద సంచిలోకి వదిలేశా, నెల్నాళ్ళ బట్టీ.

డాక్టరుగారు పెన్ను కింద పెట్టాడు, వెంకటరావమ్మ మాత్రం ఉలిక్కిపడలేదు, తలెత్తలేదు, ఎందుకు ఉలిక్కిపడలేదు, నెల్నాళ్ళు మోసపోయిన మనిషి కనీసం తిరిగి చూడదా, అప్పుడు మొన్నటి వసారా కళ్ళముందుకొచ్చింది, పరీక్ష సంచులు ఒక్కొక్కటే కాటాకి తగిలించి తూచి క్యానులో ఒంపుతోంది ఆవిడ, కడుపులోంచి వచ్చిన నీళ్ళు మూడింట్లో పసుపుపచ్చగా ఉన్నాయి, నాలుగోది మంచినీళ్ళంత తేటగా ఉంది, ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది, తన వంక చూసింది, మిగతావాటితో పాటే ఒంపేసింది, అంటే ఆవిడకి మొన్ననే తెలుసు, తెలిసే, మొగుడి పరువు పోకూడదని, ఇందాక ఆ తప్పు తన నెత్తిన వేసుకుంది.