యూరియా కెంపమ్మ

హనుమంతరాయ మనుషుల్ని నమ్మేవాడు కాదు. బాగేపల్లి కాలేజీలో ఆటల మేష్టరుగా చేరిన ఏడాదే ఆ సంగతి ఊరంతటికీ తెలిసిపోయింది. కడుపునొప్పి అన్న పిల్లకు సోమరితనం అంటగట్టేవాడు. బస్సు తప్పిందన్న పిల్లాణ్ణి ఏ సినిమాకు పోయావని నిలదీసేవాడు. బట్టల అంగడి నడిపే తండ్రి అశ్వత్థనారాయణ, "వీడు గల్లాలో కూర్చున్నన్ని దినాలు గిరాకీ మా అంగడి మెట్టెక్కలేదప్పా. సర్కారుకు అప్పజెప్పి బతికిపోయినాను" అని అందరితో చెప్పుకునేవాడు.

అలాంటివాడు ఒక్కదాన్ని మాత్రం పూర్తిగా నమ్మాడు. పటియాలాలో ఆటల కోచింగ్ కోర్సు చదివినప్పుడు, దూరం పరుగెత్తేవాళ్లకు వారం వారం రక్తపరీక్ష చేయించాలని నేర్చుకుని వచ్చాడు. ఒంటికి పడిన శ్రమ తీరకముందే మళ్లీ శ్రమ పెడితే రక్తంలో యూరియా పెరుగుతుంది, విశ్రాంతి దొరికితే దిగుతుంది. దాన్ని బట్టి ఎవర్ని ఎంత పరిగెత్తించాలో తేల్చుకోవచ్చు. ఈ విద్య చేతికొచ్చాక హనుమంతరాయకు ఇంకెవరి మాటా చెవిన పెట్టాల్సిన పని లేదనిపించింది. దానికంటే సుఖం ఏముంటుంది అతని లాంటివాడికి!

ప్రతి సోమవారం పొద్దున కాంపౌండరు గంగాధరప్ప పిల్లల చేతుల్లోంచి రక్తం తీసేవాడు. హనుమంతరాయ ఆ గాజు గొట్టాలను మంచుముక్కలతో సహా కాఫీ ఫ్లాస్కులో పెట్టుకుని చిక్కబళ్ళాపురం బస్సెక్కేవాడు. పరీక్షలు చేసే ల్యాబు అక్కడుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఫ్లాస్కు చూసి, "మాకూ ఒక గుక్క పొయ్యండి సార్" అంటే, "నెత్తురు" అని మూత తీసి చూపించేవాడు. చిక్కబళ్ళాపురం దాకా పక్క సీటు ఖాళీగా ఉండేది.

ఆ పిల్లల్లో అందరికంటే బాగా పరిగెత్తేది కెంపమ్మ. చాకవేలు నుంచి బస్సులో వచ్చి చదువుకునే రైతుబిడ్డ. తల్లీ తండ్రీ లేరు. అన్న ఆదెప్ప, వదిన అక్కయమ్మ పెంచారు. బెంగళూరులో జరిగే రాష్ట్రం పోటీలో గెలిస్తే అక్కడే క్రీడా హాస్టల్లో సీటు, చదువు, భోజనం దొరుకుతాయి. లేకపోతే పరీక్షలు కాగానే చదువు మాన్పిస్తానని ఆదెప్ప ముందే తేల్చి చెప్పేశాడు. జిల్లా తరఫున ఆ పరుగుకు పోయేది ఒక్కరే. ఎవరు పోవాలో రాసి పంపేది హనుమంతరాయ.

పోటీ దగ్గరపడుతున్న సమయంలో కెంపమ్మ రక్తంలో యూరియా పెరిగింది. హనుమంతరాయ వెంటనే ప్రాక్టీసు ఆపించాడు. "రెస్టు. గ్రౌండు పక్కకే రావద్దు" అన్నాడు. మరుసటి సోమవారం చూస్తే ఇంకా పెరిగింది. ఆ పై వారం చీటీ చూసేసరికి అతనికి ఒళ్లు మండింది. విశ్రాంతి తీసుకునేవాళ్లకు యూరియా దిగాలి గానీ ఇలా ఎగబాకడమేమిటి? జవాబు అతనికి ఒక్కటే తోచింది.

"దొంగ ప్రాక్టీసు చేస్తాండావు కదా?" గ్రౌండులో అందరి ముందూ నిలదీశాడు.

"లేదు సార్."

"ఊర్లో తెల్లారకముందే పరిగెత్తతాండావు. నాకు తెలీదనుకున్నావా?"

"ఒక్క దినమూ పరిగెత్తలేదు సార్. మీ మీదొట్టు."

"నా మీద ఒట్టు పెట్టుకునే మొహం చూడు! నోరు అబద్ధం చెప్తాది, నెత్తురు చెప్పదు. వచ్చే వారానికి యూరియా దిగలేదంటే నీకు బదులు చింతామణి కాలేజీ పిల్ల కాంచన పేరు రాసేస్తా."

కెంపమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కిందికి రానివ్వలేదు. అంత పొగరు ఉంది ఆ పిల్లకు. ఆ రోజు నుంచి కాలేజీలో ఆమెకు యూరియా కెంపమ్మ అని పేరు పడింది. మగపిల్లలు ఆమె కనబడగానే, "మా చేనికి కొంచెం చల్లిపో కెంపమ్మా" అనేవాళ్లు. అంటున్నవాళ్ల కంటే, ఆ మాట వినీ విననట్టు పోయే మేష్టరు మీదే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది.

హనుమంతరాయకు అంతటితో తృప్తి కలగలేదు. దొంగను పట్టుకోవాలి. ఒక ఆదివారం మొదటి బస్సుకే బయలుదేరి, చాకవేలు ఇంకా కొంత దూరం ఉండగానే దిగి, దారి పక్కన తంగేడు పొదల చాటున నిలబడ్డాడు. ఉద్యోగస్థుడు, పెళ్లి కావలసినవాడు, పొదల చాటున ఆడపిల్ల కోసం కాపు కాస్తున్నాడని ఎవరైనా చూస్తే ఏమవుతుందన్న ఆలోచన కూడా అతనికి రాలేదు.

పరిగెత్తుతూ ఎవరూ రాలేదు. కాసేపటికి తోట వైపు నుంచి మల్బరీ ఆకుల పచ్చటి సొప్పు మోపు ఒకటి నడుచుకుంటూ వచ్చింది. మోపు కింద మనిషి ఉందని దగ్గరికి వచ్చాక గానీ తెలియలేదు. కెంపమ్మ అతణ్ణి చూసింది, ఆగలేదు. మోపు బరువుకు మెడ తిప్పలేకపోయింది. అతను ఆమె వెనకే ఇంటిదాకా నడిచాడు.

ఇల్లంతా పట్టుపురుగుల తట్టలే. అక్కయమ్మ వాటి మధ్య వంగి ఆకు వేస్తోంది. ఆదెప్ప ఎదురొచ్చి, "ఏమి సార్, ఇంత పొద్దున్నే?" అన్నాడు.

"మీ చెల్లెలు ఇంట్లో ఏం పని చేస్తాండాది?"

"పనేముండాది సార్," అంది అక్కయమ్మ నడుము నిలబెట్టుకుంటూ. "ఊరికే ఉండాది. మీరే కదా రెస్టు అంటిరి. ప్రాక్టీసు ఉన్నన్ని దినాలూ చీకటి పడినాంక ఇల్లు చేరేది, తిని పండుకొనేది. మేమేమన్నా అంటిమా? ఇప్పుడు ఊరికే ఉండాది కదా అని సొప్పు కోసేది, నీళ్లు తెచ్చేది, పురుగులకు ఏసేది చెప్తిమి. గూడు కట్టే ముందు ఈటికి ఎంతేసినా చాలదు. శిడ్లఘట్ట సంతకు గూళ్లు పోతేనే సార్ మాకు కూడు. నేనేమన్నా కూర్చోని తింటాండానా?"

"ఆ పిల్ల నెత్తురులో యూరియా ఎక్కువైపోయింది!"

ఆదెప్ప నోరు తెరిచాడు. "యూరియానా? ఆయమ్మికి యాడ దొరికె సార్? తోటకు ఏద్దామంటే సొసైటీలో ఒక్క మూట లేదంటాండారు!"

అతను ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. హనుమంతరాయకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. కెంపమ్మ వైపు తిరిగి, "ఇంత చాకిరీ చేస్తాండానని నాకెందుకు చెప్పలే?" అని అరిచాడు.

కెంపమ్మ మోపు దించి, మెడ రుద్దుకుంటూ చూసింది. "మీరు యాడ అడిగితిరి సార్? పరిగెత్తినావా అంటిరి, లేదంటిని. దొంగ అంటిరి. మీ గ్రౌండుకు వచ్చినన్ని దినాలే నాకు రెస్టు. అది కూడా మీరే పీక్కుంటిరి."

హనుమంతరాయకు సిగ్గు వేసింది. సిగ్గు వేస్తే కోపం పెరిగే జాతి అతనిది. తప్పు నాదే అనడానికి నోరు రాలేదు గానీ, ఆదెప్ప మీద విరుచుకుపడటానికి మాత్రం చక్కగా వచ్చింది. "రేపటి నించి రెస్టు లేదు, గిస్టు లేదు! సాయంత్రం ఆఖరి బస్సు దాకా ప్రాక్టీసే. ఒక్క దినం తప్పినా పేరు కొట్టేస్తా. హాస్టలూ లేదు, పాడూ లేదు."

"అయితే ఈ పురుగులకు మీరొచ్చి ఏస్తారా?" అంది అక్కయమ్మ.

అతను గడప దాటాడు. వెనక అక్కయమ్మ తిట్లు వీధి మలుపు దాకా వినబడుతూనే ఉన్నాయి. అందులో అన్యాయం ఏమీ లేదు, ఆమె నడుమూ నడుమే.

మరునాడు సోమవారమైనా ఎవరికీ సూది పడలేదు. వారం ఆగి తీస్తామని గంగాధరప్పకు చెప్పి పంపాడు. సాయంత్రం కెంపమ్మ పరుగుకు తయారై గ్రౌండుకు వచ్చింది. హనుమంతరాయ ఆటల గది వరండాలో, అందరికీ కనబడే చోట, మడతపెట్టిన టెంటు గుడ్డ పరిపించాడు.

"పండుకో."

"ఏంది సార్?"

"బస్సు వచ్చేదాకా పండుకో. ఇదే ప్రాక్టీసు. నోరెత్తద్దు."

మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. కెంపమ్మ అతని మొహంలోకి కాసేపు చూసి, అటు తిరిగి పడుకుంది. పట్టుదల కొద్దీ కళ్లు తెరుచుకునే ఉందామనుకుంది గానీ, ఒళ్లు ఆమె మాట వినలేదు. బంతి అటు వచ్చినప్పుడల్లా హనుమంతరాయ ఆడేవాళ్లను బూతులు తిట్టి దూరం తరిమాడు. వారమంతా అలాగే గడిచింది.

సోమవారం చిక్కబళ్ళాపురం ల్యాబులో చీటీ అందుకుని, దొరికిన బస్సు పట్టుకుని వచ్చాడు. ఫ్లాస్కు ఒక చేతిలో, చీటీ ఇంకో చేతిలో పట్టుకుని తిన్నగా గ్రౌండులోకి నడిచాడు. యూరియా దిగింది. కెంపమ్మ పేరే రాసి పంపవచ్చు. చిన్నపిల్లాడికి వచ్చినంత సంబరం వచ్చింది అతనికి.

"చూసినావా!" అన్నాడు చీటీ ఆడిస్తూ. "నెత్తురు అబద్ధం చెప్పదని ఆ పొద్దే చెప్పలేదా నేను?"

కెంపమ్మ జడ బిగించి ముడి వేసుకుంది. చీటీ వైపు చూడలేదు.

"నేనూ అబద్ధం చెప్పలేదు కదా సార్," అంది.

చుట్టూ ఉన్న పిల్లలు ఈసారి నవ్వలేదు. హనుమంతరాయ మెడలోని విజిల్ తీసి నోట్లో పెట్టుకున్నాడు. అతను ఊదేలోగానే ఆమె పరుగు మొదలుపెట్టింది.