తోడు వేసే వేలు

మందుల కంపెనీ తన మురుగును వాగులో కలిపినప్పటి నుంచీ మా ఊళ్లో పాలు తోడుకోవు. బర్రెలు తాగేది ఆ నీళ్లే మరి. అందుకే పొద్దుగూకగానే ఆడవాళ్లంతా గోరువెచ్చని పాలగిన్నెలతో సత్తెవ్వ వాకిట్లో చేరతారు. ఆమె తన చూపుడువేలు ఒక్కో గిన్నెలో ముంచి తీస్తుంది. తెల్లారేసరికి గడ్డ పెరుగు. ఒక్కొక్కరి హస్తవాసి అలాంటిది.

సత్తెవ్వ దిగులంతా మనవరాలు సునీల గురించే. పిల్ల తల్లి బాలింతజ్వరంతో పోయింది, ఏ మందూ పనిచేయలేదు. బడులు తెరిచేలోగా పిల్లను ఖేడ్‌లో మేనమామ ఇంటికి పంపి తీరాలని ముసల్ది పట్టుబట్టింది.

అంతలో గడ్డి కోస్తుంటే ఆ వేలే తెగింది. అందరం చేసే పనే తనూ చేసింది, వాగులో కడుక్కుంది.

"గోలీలన్నీ ఆ నీళ్లల్లనే ఉన్నయ్ గదనే, జల్ది మానుతది" అంది పక్కింటి కిష్టమ్మ.

చెయ్యి మణికట్టు దాకా వాచింది.

"వాగుల కడిగినవా అవ్వా?" పెద్దాసుపత్రి డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఆ నీళ్లల్ల మందుకు అలవాటువడి క్రిములు మొండివడ్డయ్. నా సూదులు వాటికి లెక్కనే లేదు. వేలు తియ్యకుంటె పాణం పోతది."

"తియ్యి బిడ్డా. మనవరాల్ని బస్సెక్కించేదాంక బతికుంటె చాలు."

ఆమె ఇల్లు చేరిన సాయంత్రం ఆడవాళ్లు అలవాటు కొద్దీ గిన్నెలతో వచ్చి, కట్టు చూసి గిన్నెలు వాకిట్లోనే దించేశారు. సునీల గోరు కొరుక్కుంటూ అందరి మొహాలూ చూసింది. పాపం అనిపించిందేమో, గబగబా అన్ని గిన్నెల్లోనూ తన వేలు ముంచేసింది.

"ఒసే, వద్దే!" సత్తెవ్వ కేక ఆలస్యమైంది.

తెల్లారి ఇంటింటా గడ్డ పెరుగే. కిష్టమ్మ ఉరుక్కుంటూ వచ్చింది. "నీ వేలు ఏడికి పోలేదే సత్తెవ్వా, పిల్లకొచ్చింది! ఇగ దాన్నెట్ల పంపుతవ్?"

"దాని తల్లిని మింగిన ఊరే ఇది!"

"ఉండనీయమ్మా, ఊరంత అడుగుతున్నరు" అంటూ సత్తెవ్వ కొడుకు, సునీల తండ్రి మల్లేశం, పిల్ల ప్రయాణానికి సర్దిన సంచిని లోపల పెట్టాడు. సత్తెవ్వ గోడకు తల ఆనించి ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నారు అందరూ.

సాయంత్రం మళ్లీ గిన్నెలు వచ్చాయి. పాలల్లో పెట్టే వేలు శుభ్రంగా ఉండాలని కిష్టమ్మ పిల్లను వాగుకు తీసుకెళ్లింది. గోరు కొరికి పచ్చి చేసుకున్న ఆ వేలును ఎంతో ముద్దుగా, మళ్లీ మళ్లీ కడిగింది.