కూచోడానికి పదమూడు గంటలు

"ఆ గిన్నెలేవో తోమేసి వచ్చి కూచోరాదూ," అన్నారు అత్తగారు. ఈ ఇంట్లో కూచోవడం ఎప్పుడూ ఏదో ఒకటి అయ్యాక జరగాల్సిన పని. గిన్నెలయ్యాక బట్టలు, బట్టలయ్యాక ఆవిడ మందులు. అన్నీ అయ్యేసరికి నేను కూచోను, పడిపోతాను.

ఆఫీసులో కూచునేగా ఉంటావు అంటారాయన. విమాన సంస్థకొచ్చే ఫోన్లకి జవాబివ్వడం నా ఉద్యోగం. "మా ఆవిడకి కబుర్లు చెప్పినందుకు జీతమిస్తారు," అని ఒకసారి స్నేహితుల్ని నవ్వించారు. కాఫీలు అందిస్తూ నేనూ నవ్వాను. నవ్వింది ముఖమే, నేను కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

మా విమానాలు వెళ్ళే చోట్లలో అన్నిటికంటే దూరమైనది పదకొండు వేల కిలోమీటర్లు. వెళ్ళడానికి పదమూడు గంటలు. ఎదురుగాలి వల్ల రావడానికి ఇంకో గంటన్నర ఎక్కువ. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇదే చెబుతుంటాను. మొన్నొక పెద్దాయన, "పదమూడు గంటలు ఊరికే కూచోవాలా తల్లీ? నరకమే," అన్నాడు. "అన్నం కూడా సీటు దగ్గరికే తెచ్చిపెడతారండీ," అన్నాను, ఓదారుస్తున్నట్టు. నా గొంతు నాకే వింతగా వినిపించింది. అది ఓదార్పు కాదు, ఆకలి. సీటు బెల్టు పెట్టుకోమనే దీపం వెలిగితే ఎవరూ లేవకూడదు, లేస్తే కసురుతారు. లేవడం తప్పయ్యే చోటు ఒకటుందని ఇన్నాళ్ళూ ఊరందరికీ నేనే చెబుతూ వచ్చాను.

ఏడాదికోసారి మాకు ఉచితంగా ఒక టికెట్ ఇస్తారు. నాకు గాని, ఇంట్లో ఒకరికి గాని. మొదటిసారి అత్తగారు ఆడపడుచు దగ్గరికి వెళ్ళొచ్చారు. తర్వాత మరిది, ఆ తర్వాత ఈయన. నేను ఇంతవరకూ విమానం మెట్టెక్కలేదు. ఈసారి మళ్ళీ మరిది వంతన్నారు. నన్నెవరూ వద్దనలేదు, నిజమే. వద్దనాలంటే ముందు నేను గుర్తుకు రావాలిగా.

ఆ రాత్రి గిన్నెలు సింకులోనే వదిలేశాను. కంచం తెచ్చుకుని వాళ్ళతో పాటే బల్ల దగ్గర కూచున్నాను. అత్తగారు నా కంచం వైపు ఒకసారి చూసి, కూర వడ్డించుకున్నారు.

"తమ్ముడి టికెట్ అయిందా?" అన్నారాయన.

"అయింది. నా పేరు మీద."

"నీకా? ఎక్కడికీ?"

చెప్పాను.

"అక్కడ మనకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరెందుకే?"

"అదే అన్నిటికంటే దూరం."

"దీనికేదో అయిందిరా," అన్నారు అత్తగారు, ముద్ద కలుపుతూనే.

"సరే, దిగి ఏం చేస్తావు?" ఆయన గొంతులో కోపం లేదు. చిన్నపిల్లతో మాట్లాడుతున్న ఓపిక.

"దిగడం గురించి ఆలోచించలేదండీ."

"తిరిగి రావడానికెంత పడుతుంది?"

అడగనివాళ్ళకి కూడా చెప్పే జవాబు అది. నోటి దాకా వచ్చింది. మింగేసి, అన్నం కలుపుకున్నాను.

"నీళ్ళు," అన్నారు అత్తగారు.

జగ్గు ఆవిడ మోచేతి పక్కనే ఉంది. ఆయన జగ్గు వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. అప్పుడే నా మోకాళ్ళు అలవాటుగా లేవబోయాయి. నడుముకి బెల్టు బిగించినట్టు, అలాగే కూచుండిపోయాను.