ఒకటే డిష్ కదా

నేను ఒక మైక్రోస్కోపును. బళ్లో ఉల్లిపొరలు చూపించే బాపతు కాదు లెండి. పిల్లలు లేనివాళ్ల కోసం పెట్టిన ఆసుపత్రి ల్యాబులో నా ఉద్యోగం. అరచేతిలో ఇమిడే చిన్న డిష్‌లో స్త్రీ అండాన్ని ఉంచి, వెంట్రుక కన్నా సన్నని గాజు సూదితో దానిలోకి ఒకే ఒక్క వీర్యకణాన్ని పంపుతారు. ఆ పనంతా నా మీదే జరుగుతుంది. మిగతా మైక్రోస్కోపులు పైనుంచి కిందికి చూస్తాయి. నా కటకాలు అడుగున ఉంటాయి కాబట్టి నేను కింద నుంచి పైకి చూస్తాను. పైకి పెద్దగా కనపడే మనుషులు కింద నుంచి ఎలా ఉంటారో నాకు బాగా తెలుసు.

పుట్టింది జపానులో. నన్ను మొదట కొన్నది చెన్నైలో ఒక పేరున్న డాక్టరు గారు. పత్రికలవాళ్లు వచ్చినప్పుడల్లా ఆయన నా ముందు కూర్చుని ఫొటో దిగేవారు. ఒకసారి నా లైటు వేయడం మరిచిపోయి, చీకట్లోకి చూస్తూనే ఆహా అని తల ఊపారు. నవ్వే వీలు లేక ఊరుకున్నాను. ఏడేళ్లకు కొత్త యంత్రం రాగానే నన్ను కాకినాడలో డాక్టర్ మైథిలి గారికి అమ్మేశారు.

అక్కడ దొరికింది నాకు నాగరత్నం. ఎప్పుడో బీఎస్సీ చదివి, ల్యాబులో గిన్నెలు కడిగే పనితో మొదలుపెట్టి, పన్నెండేళ్లలో సూది పట్టేదాకా వచ్చిన మనిషి. పొద్దున్నే కరప నుంచి బస్సులో వచ్చేది. సువాసనలు అండాలకు పడవని ల్యాబులో సెంటూ పూలూ నిషేధం. ఇంట్లో పెళ్లైనా పేరంటమైనా, పనిరోజున ఆమె జడలో ఒక్క మల్లెపువ్వు నేను చూడలేదు. ఆమె చెయ్యి నా మీద పడితే సూది మొన ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోయేది. అలాంటి చేతిని నేను చెన్నైలో కూడా ఎరగను.

ఇంకో అలవాటుంది ఆమెకు. డిష్ మూత తీసే ముందు దాని మీది పేరూ ఫైలు నంబరూ పైకి చదువుతుంది. పక్కన నర్సు వీరమణి తన కాగితం చూసి, అదే పేరు, అదే నంబరు తిరిగి చెబుతుంది. అప్పుడే మూత తెరుస్తారు. ఒకరి బిడ్డ ఇంకొకరి కడుపులోకి పోకుండా కాపలా కాసేది ఆ రెండు గొంతులే. మైథిలి గారు తొందరపెట్టినా నాగరత్నం ఏ రోజూ అది మానలేదు.

ఇంతలో కొత్త కట్టుబాటు వచ్చింది. గడువులోగా పీజీ కాగితం తెచ్చుకోనివాళ్లు ఇక అండాన్ని ముట్టకూడదట. పన్నెండేళ్ల చెయ్యి చాలదట, కాగితం కావాలట! సరే, నియమం మంచిదే అనుకుందాం. నాగరత్నం ఆన్‌లైన్ పీజీలో చేరింది. పాఠాలన్నీ ఇంగ్లిషులో. భోజనాల వేళ నా పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని, టీచరు వహీదా మేడం హైదరాబాదు నుంచి చెబుతుంటే, అర్థం కాని మాటలన్నీ తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునేది. మైథిలి గారి అక్క కొడుకు హర్షిత్ కూడా అదే కోర్సులో చేరాడు. చదువయ్యాక ల్యాబుకు పెద్ద అతనే అని అందరికీ తెలుసు. పాఠం మొదలవగానే కెమెరా ఆపేసి, ఫోను చూసుకునేవాడు. ఒళ్లంతా సెంటు కొట్టుకుని ల్యాబులోకి వస్తే వీరమణి గుమ్మంలోనే ఆపేసేది.

చివరి పరీక్షకు పది వీడియోలు పంపాలి. నా తల మీది కెమెరాతో, నా పక్కన మైకుతో తీసినవి. చికిత్సకు పనికిరాని అండాల మీద, సంతకం పెట్టి ఒప్పుకున్నవాళ్లవి మాత్రమే. పేర్లు బయటికి పోకూడదు కాబట్టి ఫైలు నంబరు ఒక్కటే చదవాలి. నాగరత్నం పదీ తీసింది. వాటికి జతగా ఇంగ్లిషులో రిపోర్టు రాయడానికే వారం పట్టింది.

ఆ వారంలోనే జరిగింది. కంప్యూటరు అందరిదీ. వీడియోలు తేదీ మీద దాచుకుంటుంది కానీ ఎవరివో రాసుకోదు. హర్షిత్ వాటిని పెన్‌డ్రైవులో వేసుకుని, రెండు ఆడగొంతులు వినపడుతున్నాయని సౌండు తీసేసి, మూడు రోజుల ముందే తన పేరుతో పంపేశాడు. నా తెర మీద కనపడేది సూది మొన, అండం అంతే. ముఖం లేదు, చెయ్యి లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది. అరవడానికి నోరు లేకపోయె.

వెనక పంపింది నాగరత్నం కాబట్టి కాపీ కొట్టిందని నోటీసు ఆమెకే వచ్చింది. రుజువు చేసుకోలేకపోతే రెండేళ్లు పరీక్ష రాయకూడదు. అంటే గడువు తీరే వచ్చే నెల నుంచి సూది ముట్టకూడదు, తిరిగి గిన్నెలు కడుక్కోవాలి. కడిగి కడిగి పైకొచ్చిన మనిషిని మళ్లీ ఆ తొట్టి దగ్గరికే పంపుతున్నారు, అదీ దొంగ అని పేరు పెట్టి! వీరమణి అడగబోతే మైథిలి గారు కసిరి పంపేశారు. నాగరత్నంతో మాత్రం మెత్తగా మాట్లాడారు.

"వాడికి తొందరపాటు ఎక్కువ, రత్నం. గొడవెందుకు? నువ్వు మళ్లీ ఇంకో పది తీసుకో, ఏం పోయింది?"

ఏం పోయిందట! ఆవిడ గదిలో గోడ నిండా పసిపాపల ఫొటోలున్నాయి. అందులో సగం ఈ చేతి పుణ్యమే. నాగరత్నం విచారణకు వస్తానని రాసి పంపింది.

విచారణ కూడా ఆన్‌లైనే. నా బల్ల దగ్గరే ఆమె, పక్కన వీరమణి. తన గదిలోంచి హర్షిత్. వహీదా మేడం ముందు అతని వీడియో వేసి, ఆపి, అడిగారు.

"హర్షిత్ గారూ, మూత తీసే ముందు నంబరు చదవడం నాకు వినపడలేదు. సౌండు తీసేశారా, చదవలేదా?"

తీసేశానంటే ఎందుకని అడుగుతారు. అతనికి రెండోదే తేలికనిపించింది.

"చదవలేదు మేడమ్. అక్కడున్నది ఒకటే డిష్ కదా. పొరపాటెలా జరుగుతుంది?"

మా పనిలో ఆ మాట ఎంత పాపమో, సూది పట్టినవాడైతే తెలిసేది. మేడం నాగరత్నం వైపు తిరిగి, ఒకటే డిష్ ఉంటే మరి మీరెందుకు చదివారని అడిగారు.

"ఒకటే ఉన్నప్పుడే నాకెక్కువ భయమండి. రెండుంటే ఎవరో ఒకరు సరిచూసుకుంటారు. ఒకటే కదా అనుకున్నాకా ఇంకెవరూ చూడరండి. లోపలున్నదానికి నేను ఫలానా వాళ్ల దాన్నని చెప్పుకునే నోరు లేదు కదండీ. దాని బదులు మేం చెప్తామండి."

మేడం రెండు వీడియోలూ పక్కపక్కనే పెట్టి నడిపించారు. ఒకే అండం, ఒకే సూది, ఒకే క్షణం. ఒకదాంట్లో రెండు ఆడగొంతులు, ఒకదాంట్లో మౌనం. హర్షిత్ ముఖం తెర మీంచి మాయమైంది, నెట్ పోయిందట. అవసరానికి భలే పోతుంది ఆ నెట్!

నోటీసు రద్దయింది. నాగరత్నం పాసైంది. తప్పైపోయిందని మాత్రం ఎవరూ అనలేదు. అంతా మన మంచికే అన్నారు మైథిలి గారు, ఎవరి మంచికో చెప్పకుండా. ఆ తర్వాత నాకు చూపు మందగించిందని కొత్త మైక్రోస్కోపు తెచ్చి, నన్ను పక్క గదిలోకి నెట్టారు. నా చూపుకేం కాలేదు. చూసిందే ఎక్కువైంది.

ఆ గదిలోనే ఇప్పుడు ఆన్‌లైన్ విద్యార్థులు వారం రోజులు చేత్తో పని నేర్చుకుంటారు. నేర్పేది నాగరత్నం, వహీదా మేడం పట్టుబట్టి పెట్టించారు. ఈ నెల వచ్చినవాళ్లలో, రెండేళ్ల శిక్ష ముగించుకుని తప్పిన పరీక్ష మళ్లీ రాయాల్సిన హర్షిత్ కూడా ఉన్నాడు. సెంటు లేదు. ఆమె అతని ముందు ఒక డిష్ పెట్టి, కలం ఇచ్చి, దాని మీద పేరు రాయమంది. ఖాళీ డిష్ కదా, ఎవరి పేరు రాయాలన్నాడు.

"మీ పేరే రాయండి, హర్షిత్ బాబూ. లోపలున్నది మీరే అనుకుని చదవండి."

అతను రాశాడు. చాలాసేపు డిష్ వైపే చూసి, తన పేరు పైకి చదివాడు. వీరమణి తన కాగితం చూసి అదే పేరు తిరిగి చెప్పింది. నా మైకులో అతని గొంతు పడడం అదే మొదటిసారి.