గొలుసు యాడ దొరికింది?

సిద్దమ్మ కళ్ల ముందే ఆ తెల్లటి హీరోయిన్ ముఖానికి నల్లరంగు పూశారు. మెడకు, చేతులకు, ఆఖరికి చెవుల వెనక కూడా పూశారు. అచ్చం సిద్దమ్మలాగే కొంగు నడుములో దోపారు.

"ఇప్పుడు పనిమనిషిలా ఉంది," అన్నాడు డైరెక్టర్ వంశీ.

మెదక్ ఊరి చివర విల్లాల కాలనీలో హత్య సినిమా తీస్తున్నారు. కథ నిజంలా ఉండాలని వంశీ సిద్దమ్మను కూర్చోబెట్టి అడిగితే ఆమె దాచకుండా చెప్పింది. కాలనీ ప్రెసిడెంటు సుధాకర్ తన భార్య గొలుసు పోయిందని, గేటు దగ్గర మగవాళ్లందరి ముందూ సిద్దమ్మ కొంగు విప్పించి దులిపించాడు. పనిలోంచి తీసేశాడు. తరవాత గొలుసు ఆయన కారులోనే దొరికింది. అది మళ్లీ ఆయన భార్య మెడకెక్కింది గానీ, సిద్దమ్మ దొంగ కాదని ఎవరూ అనలేదు. పాపన్నపేట షేర్ ఆటోలో ఆమె పక్కన కూర్చున్నవాళ్లు ఇప్పటికీ పర్సు ఒళ్లోకి లాక్కుంటారు. సినిమా వస్తే నిజం తెలుస్తుందని ఆమె ఆశపడింది.

ఇవాళ అసలు కథ బయటపడింది. సినిమాలో గొలుసు పనిమనిషే కాజేస్తుంది, చూసిన ఆ ఇంటి కోడలిని చంపేస్తుంది. చివర తోటి పనివాళ్లే ఆమెను చెప్పులతో కొట్టి తరుముతారు. ఆ గుంపు కోసమే కాలనీలో పనిచేసే ఆడవాళ్లందరినీ, వాళ్లతో పాటు సిద్దమ్మనూ పిలిచారు. షూటింగ్‌కు ఇల్లు ఇచ్చినందుకు యజమాని వేషం సుధాకర్‌కే ఇచ్చారు.

విల్లా వెనక, అన్నాల దగ్గర లొల్లి మొదలైంది.

"సిన్మ గదనే! ఉత్త దెబ్బలే," అంది కార్లు తుడిచే భూలక్ష్మి. "మన మొకాలు గూడ తెర మీదికొస్తయి."

"మొకాలు రావు పిల్లా, మన చెప్పులొస్తయి," అంది వంటలు చేసే పెర్సిస్. "గింతమందిమి నల్లగ ఉన్నం గద, మల్ల ఆ పోరికి రంగెందుకు పూసిండ్రు?"

"నీకిస్తరా హీరోయిన్ వేషం? నడుము జూస్కున్నవా?" ఇళ్లు ఊడ్చే నర్సమ్మ వెక్కిరించింది.

అందరూ నవ్వారు. సిద్దమ్మ నవ్వలేదు.

"నా ఒక్కదాని కొంగే దులిపిండు. ఈ సిన్మ ఆడినంక నర్సాపూర్‌ల, శంకరంపేటల, యాడ పనికి పోయినా అందరియి దులుపుతరు." ఆమె భూలక్ష్మి వైపు తిరిగింది. "గొలుసు నీ చేతికే దొరికె. ఇంకెన్నొద్దులు నోరు మూస్కుంటవ్?"

భూలక్ష్మి చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "చెప్తే పనిల నుంచి తీసేస్తనన్నడక్కా."

"అందర్ని ఒక్కపారి తీసేస్తడా?" అంది పెర్సిస్. "తీసేసి బోళ్లు ఆయన తోముతడా?"

"యాక్షన్!"

ఆడవాళ్లు చెప్పులు పట్టుకుని హాల్లోకి ఉరికారు. నేల మీద ముడుచుకున్న హీరోయిన్‌ను పెర్సిస్ భుజం పట్టి లేపింది. "పక్కకు జరుగు బిడ్డా, నీతోని పని లేదు." గుంపు సుధాకర్‌ను చుట్టేసింది. ఇదీ సీన్లోదే అనుకుని ఆయన మీసం సర్దుకున్నాడు.

"గొలుసు యాడ దొరికింది సారూ?" సిద్దమ్మ అడిగింది.

"కట్! వంశీ, కట్ చెయ్!" అని అరిచాడు సుధాకర్.

ఇంత మంచి షాట్ మళ్లీ రాదని వంశీ కట్ చెప్పలేదు. కెమెరా దగ్గరికి జరపమని సైగ చేశాడు.

"నీ కారు సీటు కింద!" భూలక్ష్మి గొంతు చించుకుంది. "నేనే తీసిచ్చిన!"

"దొంగముండల్లారా..."

సిద్దమ్మ చెప్పు ఆయన చెంప మీద మోగింది. ఆ చప్పుడుకు లైటు పట్టుకున్నవాడు కూడా వెనక్కి జరిగాడు. ఆమె వంశీ వైపు తిరిగింది. "నీకు గూడ ఒకటి పడాలె సారూ. కడుపుల మాట చెప్తే అమ్ముకుంటివి."

పోలీసులు వచ్చి ఆమెను జీపెక్కించారు. ఆడవాళ్లంతా వెనకే నడిచి స్టేషన్ ముందు రోడ్డు మీద కూర్చున్నారు. సాయంత్రానికి వేరే కాలనీల పనివాళ్లూ, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లూ వచ్చి కలిశారు. విల్లాల నుంచి ఫోన్ల మీద ఫోన్లు మోగాయి. ఎవరూ ఎత్తలేదు.

"సుధాకర్ సారు కేసు వద్దంటుండు," అన్నాడు ఎస్సై విసుగ్గా. "తప్పయిందని ఒక్క మాట చెప్పి పో అమ్మా."

సిద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వద్దు సారూ, కేసు రాయుండ్రి. చెప్పుతోని కొట్టిన అనే రాయుండ్రి. ఎందుకు కొట్టినవని కోర్టుల అడుగుతరు గద. గప్పుడు ఆయన్ని గూడ బోనెక్కిస్త."